శుక్రవారం లేచే గీత

ముప్పై ఏళ్ల పాటు నేను చూసిందంతా మనుషుల చీము, కఫం, నెత్తురు. ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో వాటిని గాజు పళ్లేల్లో వేసి, ఏ క్రిమి మొలిచిందో రాసి పంపడం నా ఉద్యోగం. రిటైరయ్యాక పాత పుస్తకాలకు పట్టిన బూజును చూస్తున్నాను. పనిలో పెద్ద మార్పేమీ లేదు. అదే మైక్రోస్కోపు, అదే దూదిపుల్ల, అదే గాజు పళ్లెం. కాకపోతే అప్పుడు రిపోర్టు కోసం కిటికీ దగ్గర ఎవరో ఒకరు నిలబడి తొందరపెట్టేవాళ్లు. తాటాకు పుస్తకం తరఫున వచ్చి నిలబడేవాళ్లు ఎవరుంటారు?

మొయినాబాద్ నుంచి సురంగల్ వెళ్లే దారిలో, ఒక ఫంక్షన్ హాలు వెనక, మూడు గదుల భవనం మాది. నగరంలో ఉండే ఒక పెద్దాయన తన కుటుంబం పోగేసిన పాత వస్తువుల కోసం ట్రస్టు పెట్టి కట్టించాడు. తాటాకు కట్టలు, ఉర్దూలో రాసిన పాత భూమి కాగితాలు, ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్లు వాడిన బొమ్మల పటాలు అందులో ఉన్నాయి. పెళ్లిళ్ల రోజుల్లో హాల్లో బ్యాండు మోగితే మా కిటికీ అద్దాలు అదురుతాయి. మిగతా రోజుల్లో నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతుంది.

నేనుండేది చేవెళ్లలో, ఎరువుల దుకాణం మీద ఒక గది, వంటిల్లు. అమ్మ ఉన్నన్నాళ్లు ఇద్దరికీ ఇరుకుగా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లను చూస్తే ఒకప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు అడిగేవాళ్లు కూడా లేరు. పొద్దున గ్లాసు బియ్యం పడేస్తే రాత్రికి కూడా అదే అన్నం. మార్కెట్లో క్యారెట్లు బస్తాలకు బస్తాలు దిగుతుంటాయి. నేను వెళ్లి పావుకిలో అడిగితే, అమ్మేవాడు తూకం కూడా వేయకుండా నాలుగు తీసి చేతిలో పెడతాడు.

పరీక్షలకు వెళ్లేటప్పుడు, ఉద్యోగంలో చేరిన రోజు, ఆఖరికి రిటైరైన రోజు కూడా అమ్మ నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి నొసట కుంకుమ పెట్టింది. ఆమె పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచి నా బొట్టు నేనే పెట్టుకుంటున్నాను. అదీ కుంకుమ కాదు, అట్ట మీంచి ఊడదీసి అంటించుకునే స్టిక్కరు.

ఆ భవనంలో నాతో మాట్లాడే మనిషి ఊడ్చే అవ్వ ఒక్కతే. సురంగల్ నుంచి పొద్దున్నే నడిచి వస్తుంది. అన్ని గదుల తాళాలూ ఆమె కొంగు ముడిలోనే. నేను బస్సు దిగి పది గంటలకు చేరేసరికి ఊడవడం, తుడవడం అయిపోయి గేటు పక్క అరుగు మీద కూర్చుని ఉంటుంది.

"వచ్చినవా బిడ్డా. తిన్నవా?"

"తిన్న అవ్వా."

"నీ మొకం జూస్తె తిన్నట్టు లేదు. ఇగో, పట్టు." అని మూటలోంచి జొన్నరొట్టె సగం విరిచి ఇస్తుంది. వద్దన్నా ఊరుకోదు, తీసుకునేదాకా చెయ్యి అలాగే చాపి ఉంచుతుంది.

నన్ను బిడ్డా అని పిలిచే గొంతు భూమ్మీద అదొక్కటే మిగిలింది. ఆదివారాలు ఆ మాట వినబడక తోచేది కాదని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

పనిలో తోడు మాత్రం ఉంది, కానీ అది తెర మీద. బూజుతో బాధపడుతున్న నాలుగు చిన్న సంగ్రహాలయాలు కలిసి ఒక పని మొదలుపెట్టాయి. పోర్చుగల్‌లో ఒక మఠం గ్రంథాలయం, పెరూలో కొండ మీది ఊళ్లో ఒక చర్చి బొమ్మలు, వియత్నాంలో ఒక గుడిలోని చెక్క అచ్చు పలకలు, తర్వాత మేము. నలుగురం ఒకే రకం యంత్రం వాడతాం. అగ్గిపెట్టెంత ఉంటుంది, బీరువాలో పెడితే పావుగంటకోసారి గాలిలో తేమ ఎంతో రాసుకుంటుంది. బూజు నమూనాలు దేశం దాటించాలంటే ఎన్నో అనుమతులు కావాలి కాబట్టి, ఎవరి బూజును వాళ్లే పెంచుకుని, ఫొటోలు, లెక్కలు పంచుకుంటాం. నెలకోసారి, బుధవారం సాయంత్రం ఆరున్నరకు, తెర మీద కలుస్తాం. అప్పుడు పెరూలో పొద్దున ఎనిమిది. ఆ అమ్మాయి కాఫీ కప్పుతో కూర్చుంటుంది. వియత్నాం ఆయన వెనక ఇంట్లోవాళ్లు అన్నానికి పిలుస్తుంటారు. పోర్చుగల్ ఆవిడ నా ఈడుదే, లెక్క తప్పితే వదలదు. నా వెనక తెల్లగోడ.

గొడవంతా ఒక పటం దగ్గర వచ్చింది. మూరన్నర వెడల్పు, ఇరవై మూరల పొడవు ఉన్న గుడ్డ. ఒక కులం పుట్టుక కథంతా దాని మీద బొమ్మలుగా ఉంది, మొదటి బొమ్మ అమ్మవారు. కథ చెప్పే కుటుంబం ఆ పని మానేసి, పటాన్ని మా ట్రస్టుకు ఇచ్చింది. పొడవాటి చెక్కపెట్టెలో చుట్టి, ఇనుప బీరువాలో కింది అరలో పెట్టాం. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమన్ను పట్టించి, దాని మీద రంగులేశారు. మనకు అది పటం, బూజుకు విస్తరాకు. రెండు వానాకాలాలు గడిచేసరికి పటం బయటి అంచున నల్లటి చుక్కలు లేచాయి. ఆ చుక్కలు లోపలికి పాకి అమ్మవారి బొమ్మదాకా వెళ్తే, గుడ్డ మీంచి రంగు పెచ్చులుగా ఊడొస్తుంది. తర్వాత ఎవరూ చేయగలిగింది లేదు.

నల్ల చుక్కలు నాకు అర్థమయ్యాయి. అర్థం కానిది చెక్కపెట్టె మూత మీది పసుపుపచ్చ మచ్చ. రూపాయి బిళ్లంత గుండ్రంగా, చెక్కలోకి ఇంకిపోయి ఉంది. ఫొటో పంపితే పోర్చుగల్ ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. కొన్ని బూజులు పసుపుపచ్చ రంగును కక్కుతాయి, ఇది అలాంటిదే కావచ్చు, జాగ్రత్త అంది. నేను దూదిపుల్లతో తీసి పెంచాను. మచ్చ మీద ఏమీ మొలవలేదు. మచ్చ చుట్టూ మాత్రం బాగా మొలిచింది. వియత్నాం ఆయన, ఇది తనను తాను కాపాడుకునే కొత్త జాతేమో అన్నాడు. పెరూ అమ్మాయి మైక్రోస్కోపు ఫొటోలో గింజల్లా ఉన్నవి చూసి, పిండి పదార్థం కదా అంది. నాలుగు దేశాల వాళ్లం అరగంట సేపు దాని చుట్టూ తల గోక్కున్నాం. దానికి నేను ఫైలు కూడా తెరిచాను.

ఆ తర్వాతి నెల పోర్చుగల్ ఆవిడ మా తేమ లెక్కలను గీతగా గీసి తెర మీద పెట్టింది. వానాకాలం గీత ఎగుడుదిగుడుగా ఉంది. కానీ దాంట్లో ఏడు రోజులకోసారి ఒక చిన్న ముల్లు నిటారుగా లేస్తోంది. పొద్దున ఏడుకు లేచి, పదిలోపు తగ్గడం మొదలై, మధ్యాహ్నానికి దిగిపోతోంది. ఎండాకాలంలోనూ ఉంది, చలికాలంలోనూ ఉంది.

"శుక్రవారం పొద్దున మీ దగ్గర ఏం జరుగుతుంది?" అని అడిగింది.

"ఏమీ జరగదు," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ శుక్రవారం తెల్లవారుతూనే చేవెళ్లలో బస్సెక్కాను. ఏడు దాటి పది నిమిషాలకు గేటు తోశాను. అరుగు మీద అవ్వ లేదు. పాత వస్తువులుండే నిలవ గది తలుపు తీసి ఉంది, లోపల బీరువా తలుపులు కూడా బార్లా తీసి ఉన్నాయి. అవ్వ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తడిబట్టతో చెక్కపెట్టెను తుడుస్తోంది. చిన్నపిల్ల మొహం తుడిచినంత మెల్లగా తుడుస్తోంది. పక్కన చిన్న గిన్నెలో తడిపిన పసుపు. పెట్టె తల దగ్గర రాగి చెంబు, దాన్నిండా నీళ్లు. మీద ఒక చామంతి పువ్వు.

నేను ఫైలు తెరిచిన పసుపుపచ్చ మచ్చ అదీ. నలభై ఏళ్లు వంటింట్లో పసుపు డబ్బా తెరిచి మూసిన తెలుగు మనిషిని, మైక్రోస్కోపులోంచి చూసేసరికి పసుపును గుర్తుపట్టలేకపోయాను. చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

"ఏంది బిడ్డా, గింత పొద్దుగాల్నే వచ్చినవ్?" అవ్వ చెయ్యి ఆగింది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"అమ్మకు బొట్టు వెడుతున్న." దాచడానికి ఏమీ ప్రయత్నించలేదు. "మా ఊరికి ఈ పటమే వస్తుండె. నేను కొత్త కోడల్ని అప్పుడు. ఇప్పెటందుకు ముందుగాల ఆడోళ్లం పెట్టెను కడిగి, పసుపు వెట్టి, చెంబుల నీళ్లు వెట్టెటోళ్లం. పటానికి వెట్టినంక కథ చెప్పెటాయనకు గూడ బొట్టు వెట్టెటోళ్లం. అట్ల వెట్టకుంట ఇప్పెటోళ్లే కాదు."

"ఇక్కడ మనం ఇప్పుతలేం గదా అవ్వా."

"అందుకే గద బిడ్డా. మీరు ఇప్పుతలేరు, చూస్తలేరు. ఇనుప బీరువల వెట్టి తాళమేసిన్రు. ఒక్కతే ఉంటది. దూప గాదా?"

దూప అంటే మా వైపు దాహం. బీరువాలో తాళం వేసి ఉన్న అమ్మవారికి దాహమవుతుందని, రెండేళ్లుగా ప్రతి శుక్రవారం చెంబుతో నీళ్లు పెట్టి, బీరువా తలుపు మూసి, నేను వచ్చేలోపు చెంబు తీసేసి, పసుపు తుడిచేస్తోంది. నేను ఏమైనా అంటానని కాదట. నేను చూస్తే, అమ్మవారికి ఇన్నాళ్లూ నేను పెట్టలేదే అని నొచ్చుకుంటానని.

మూసిన బీరువాలో చెంబెడు నీళ్లు, తడిచెక్క. బూజుకు ఇంతకంటే సుఖం ఏముంటుంది? నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. "నీళ్లు పెట్టొద్దు అవ్వా, బట్టకు తేమ తగులుతది," అని మాత్రం అన్నాను. అవ్వ సరే బిడ్డా అంది. కానీ పిల్లలు సరే అన్నట్టు అంది.

తర్వాతి నెల బుధవారం ట్రస్టు పెద్దాయన కూడా తెర మీదకు వచ్చాడు. గీతలో శుక్రవారం లేచే ముల్లు సంగతి ఆయనకూ తెలిసింది. పోర్చుగల్ ఆవిడ, కారణం దొరికిందా అని అడిగింది. నేను నోరు తెరిచాను. పెద్దాయన మొహం తెర మూలన చిన్న గడిలో ఉంది. చెప్తే అవ్వను ఆ రోజే పంపించేస్తాడనిపించింది.

"శుక్రవారం పొద్దున మా లైనులో కరెంటు తీస్తారు. గాలి ఆడించే యంత్రం ఆగిపోతుంది," అన్నాను.

ఆసుపత్రిలో ముప్పై ఏళ్లలో ఒక్క రిపోర్టు తప్పు రాయలేదు నేను. చచ్చిపోతాడని తెలిసిన మనిషి భార్య ఎదురుగా నిలబడి బతిమాలినా, ఉన్నదే రాశాను. ఆ సాయంత్రం ఒక ముసలామె నన్ను బిడ్డా అంటుందని, మూడు దేశాలకు అబద్ధం చెప్పాను. పోర్చుగల్ ఆవిడ రాసుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక చిన్న అబద్ధం, ఎవరికేం నష్టం అని చేవెళ్లదాకా నాకు నేనే చెప్పుకున్నాను.

నష్టం నెల తిరక్కుండా కనబడింది. పెరూ అమ్మాయి సంతోషంగా ఉత్తరం రాసింది. వాళ్ల ఊళ్లోనూ కరెంటు తరచూ పోతుంది. మా అనుభవం చదివాక, వాళ్లకు వచ్చిన సాయంతో చర్చి పైకప్పు పెంకులు మార్చే పని ఆపి, కరెంటు పోయినా యంత్రం ఆగకుండా బ్యాటరీలు పెట్టించాలనుకుంటున్నారట. మీరు చెప్పకపోతే మాకు తట్టేదే కాదు, కృతజ్ఞతలు అని రాసింది. కింద ఒక ఫొటో పెట్టింది. కొండ ఊరి చర్చిలో మూడు వందల ఏళ్ల నాటి బొమ్మ, దాని మీద కప్పులోంచి కారిన నీటి చార.

ఆ ఫొటో చూశాక అన్నం సహించలేదు. కంచంలో కలిపిన ముద్దలు కలిపినట్టే ఉన్నాయి. అక్కడ వాన మొదలైతే, నా మాట నమ్మి బాగుచేయడం ఆపేసిన కప్పులోంచి నీళ్లు కారి ఆ బొమ్మ పోతుంది. నేను నిజం చెప్తే ఇక్కడ అవ్వ పోతుంది. అవ్వ పోతే పది గంటలకు గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఇంత వయసొచ్చాక, ఒక పిలుపు పోతుందని భయపడతానని ఎవరైనా చెప్తే నవ్వేదాన్ని. నిజంగానే భయపడ్డాను. అమ్మ పోయిన నెలలో గదిలో లైటు వేసి ఉంచి పడుకున్నప్పటి భయం అది.

తర్వాతి బుధవారందాకా ఆగితే ధైర్యం చాలదని, అందరినీ రెండు రోజుల్లోనే కలవమని అడిగాను. పెద్దాయనను కూడా రమ్మన్నాను. "కరెంటు మాట అబద్ధం. నేనే కల్పించాను," అని మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. పసుపు, బొట్టు, చెంబు, ఒక్కోదాన్నీ విడమర్చి చెప్పాల్సి వచ్చింది. దూప అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో చెప్తే అది వట్టి దాహంలా వినబడింది. అవ్వ అన్నప్పుడు ఉన్న జాలి దాంట్లోకి రాలేదు. పచ్చ మచ్చ పసుపేనని కూడా చెప్పాను.

ముందు వియత్నాం ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు. వాళ్ల గుడిలో ఒక తాత అచ్చు పలకల ముందు రోజూ చిన్న కప్పుల్లో టీ పోసి పెట్టేవాడట. బతిమాలి, ఆ పీటను తలుపు బయటికి మార్చడానికి ఏడాది పట్టిందట. పెరూ అమ్మాయి కాఫీ కప్పు కింద పెట్టింది. వాళ్ల చర్చిలో ఒకామె ఆదివారం ఆదివారం పునీతుల బొమ్మల పాదాలను పూలనీళ్లతో తుడుస్తుందట, ఆ సంగతి తాము లెక్కలోకే తీసుకోలేదు అంది. తర్వాత నాతో, "పెంకుల పని మళ్లీ మొదలుపెడతాం. ఇంకా ఆలస్యం కాలేదు," అంది. పోర్చుగల్ ఆవిడ తన గీతలన్నీ మళ్లీ తెరిచి చూసుకుంది. వాళ్ల దగ్గర ఏ వారానికీ ముల్లు లేదు. "మా దగ్గరికి అలా వచ్చేవాళ్లు ఎవరూ లేరు," అంది. ఆవిడ గొంతులో మొదటిసారి లెక్క కాకుండా వేరే ఏదో వినబడింది. నాకు తెలిసిన గొంతే అది.

నలుగురం కలిసి రాస్తున్న నియమాల్లో ఆ రోజే మొదటి ప్రశ్న మార్చాం. ఇంతకుముందు గది కొలతలతో మొదలయ్యేది. ఇప్పుడు, ఈ గదిని ఎవరు ఊడుస్తారు, వాళ్లు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు అని అడగమని ఉంటుంది.

పెద్దాయన నేను భయపడినంత కఠినుడు కాదు. ఆమె పని తీయను అన్నాడు. కానీ నిలవ గది తాళం ఆమె దగ్గర ఉండకూడదు, మీరే తీసుకోండి అన్నాడు. న్యాయమైన మాటే. నేనే ఆ స్థానంలో ఉంటే అంతకంటే గట్టిగా చెప్పేదాన్ని.

మర్నాడు అరుగు మీద అవ్వ పక్కన కూర్చున్నాను. పటం అంచున ఉన్న నల్ల చుక్కల ఫొటో ఫోనులో చూపించాను. నీళ్ల వల్లనే ఇవి వచ్చినయ్ అవ్వా, ఇట్లనే ఉంటే అమ్మ మొకం దాకా పోతయ్ అని చెప్పాను. అవ్వ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా చేతుల మీద అయ్యిందా?" అంది.

"నీకు తెల్వక అయ్యింది అవ్వా."

"గట్లనా." కొంగు ముడి విప్పింది. ముడి తొందరగా రాలేదు. నేను సాయం చేయబోతే చెయ్యి పక్కకు జరిపింది. గుత్తిలోంచి నిలవ గది తాళంచెవి ఒక్కటే తీసి, నా చేతిలో పెట్టకుండా అరుగు మీద మా ఇద్దరి మధ్య పెట్టింది. "తీస్కో మేడం," అంది.

మేడం. నేను అక్కడ చేరిన మొదటి వారం కూడా ఆమె నన్ను అలా అనలేదు.

అవ్వ పని మానలేదు. అదే టైముకు వస్తుంది, అలాగే ఊడుస్తుంది, గేటు పక్కనే కూర్చుంటుంది. "వచ్చిన్రా మేడం" అంటుంది. తిన్నారా అని అడగదు. రొట్టె మూట విప్పేటప్పుడు అటు తిరిగి కూర్చుంటుంది. కోపం ఉంటే తిట్టొచ్చు కదా. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం మళ్లీ మామూలయ్యేవాళ్లం. మర్యాదకు ఏం బదులు చెప్తాం?

వియత్నాం ఆయన చెప్పినట్టు చేసి చూశాను. అమ్మవారి బొమ్మను పెద్దగా అచ్చు వేయించి, నిలవ గది తలుపు బయట పీట మీద పెట్టాను. నీళ్లు ఇక్కడ పెట్టుకో అవ్వా అన్నాను. అవ్వ వంగి చూసింది. "ఇది కాయిదం మేడం. అమ్మ లోపలున్నది," అంది. అయినా తర్వాతి శుక్రవారం చూస్తే పీట మీద చెంబు ఉంది. బొమ్మ ముందు కాదు, తలుపుకు ఆనించి పెట్టింది.

బీరువా గీత తిన్నగా అయిపోయింది. మూడు నెలలు ఒక్క ముల్లు లేదు. పోర్చుగల్ ఆవిడ దాన్ని తెర మీద పెట్టి, ఇంత చక్కటి గీత ఈ పనిలో ఇంకెక్కడా చూడలేదు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ఆ గీతలో ఒక మనిషి వచ్చిపోయిన జాడ ఉండేది, ఇప్పుడు లేదు. ఆ మాట తెర మీద చెప్పలేదు. చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలక కాదు.

చలికాలం మొదలై గాలి పొడిబారాక, పటాన్ని పూర్తిగా విప్పి, చుక్కలను పొడి బ్రష్షుతో తీసేసే రోజు వచ్చింది. నలుగురం కలిసే చూడాలనుకున్నాం. బల్ల వేసి, దీపాలు పెట్టి, తెర ఎదురుగా నిలబెట్టాను. చేతులకు గ్లవుజులు, ముక్కుకు మాస్కు వేసుకున్నాను. చెక్కపెట్టె మూత మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. నాకు పూజలు, మొక్కులు అలవాటు లేదు. కానీ బొట్టు పెట్టకుండా ఆ పటాన్ని ఊళ్లో ఎన్నడూ విప్పేవాళ్లు కాదని తెలిశాక, తెరవబుద్ధి కాలేదు.

తలుపు దగ్గరికి వెళ్లి, "అవ్వా, పటం ఇప్పుతున్న. జర లోపలికి రా," అన్నాను.

అవ్వ చీపురు పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. నేను కుంకుమ భరిణె బ్యాగులోంచి తీశాను. అమ్మది అది. నాలుగేళ్లుగా తెరవలేదు. "పటానికి పెట్టద్దు అవ్వా, తడి గానీ పొడి గానీ ఏదీ తగలొద్దు," అన్నాను. అంటుంటే నాకే సిగ్గనిపించింది, పిలిచి మరీ వద్దని చెప్తున్నందుకు.

అవ్వ పెట్టెను చూసింది, తెర మీద ముగ్గురినీ చూసింది, నన్ను చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా నొసటి మీది స్టిక్కరును గోటితో ఊడదీసి, తలుపు చట్రానికి అంటించింది. భరిణెలో వేలు ముంచి నాకు బొట్టు పెట్టింది. కనుబొమ మీద రాలిన కుంకుమను బొటనవేలితో తుడిచింది. కథ చెప్పెటాయనకు గూడ వెట్టెటోళ్లం అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేలు గరుకుగా ఉంది. అమ్మ వేలూ అలాగే ఉండేది.

తర్వాత పెట్టె వైపు తిరిగి, కొంగు భుజాల మీదికి లాక్కుని, పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తల్లీ, చాన దినాలకు ఇప్పుతున్నరు. నీకు దూపైతున్నదని తెలుసు. నీళ్లు బయట వెట్టిన, ఏమనుకోకు. నిన్ను ఇప్పెటి ఈ బిడ్డ మంచిదే. దీనికి ముందుగాల ఎవ్వలు లేరు, ఎన్కాల ఎవ్వలు లేరు. నీ లెక్కనే ఒక్కతే ఉంటది. శుక్కురం శుక్కురం నీకు చెప్పిందే మల్ల చెప్తున్న, జర చూసుకో."

రెండేళ్ల శుక్రవారాలు. చెంబెడు నీళ్లు పెట్టి ఆమె అడిగింది నా కోసం.

అవ్వ నా వైపు తిరిగింది. నేను ఒక్క మాట కోసం చూశాను. "కానియ్యిన్రి మేడం. నేను బయట కూసుంట," అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

పెట్టె మూత తీశాను. పటం మొదటి చుట్టు విప్పాను. అమ్మవారి మొహం బాగానే ఉంది, చుక్కలు అక్కడిదాకా రాలేదు. పెద్ద కళ్లు, నొసట గుండ్రటి ఎర్ర బొట్టు. నా కళ్లు నిండిపోయాయి. గ్లవుజులు వేసుకున్న చేతులతో తుడుచుకోకూడదు. ఒక్క చుక్క కింద పడితే పటానికి మళ్లీ తేమే. బల్ల నుంచి రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు ఆరేదాకా అలాగే నిలబడ్డాను. తెర మీద ముగ్గురూ ఎదురుచూశారు.